త్రీడీ స్కాన్ నాకు సరే, పాపకూ అవసరమా?

ప్రశ్న: నా వయసు 44. కింది దవడలో కుడివైపు మొదటి పెద్ద దవడ పన్ను రెండేళ్ల కిందట తీయించుకున్నాను. అక్కడ ఇంప్లాంట్ పెట్టించుకుందామని వెళితే డాక్టరు గారు ఓపీజీ ఎక్స్‌రే తీసి చూసి, ‘ఇది చాలదు, త్రీడీ స్కాన్ తీయించుకుని రండి’ అన్నారు. ఇంకో డాక్టరు గారిని అడిగితే ‘ఓపీజీలో ఎముక బాగానే ఉంది కదా, స్కాన్ దండగ’ అన్నారు. ఎవరి మాట వినాలి? మా పాపకు పన్నెండేళ్లు. పైన కుడివైపు కోరపన్ను వచ్చింది, ఎడమవైపు ఇంకా రాలేదు, పాలపన్ను అలాగే ఉంది. క్లిప్పులు వేసే డాక్టరు తనకు ముఖం మొత్తానికి త్రీడీ స్కాన్ రాశారు. రేడియేషన్ అని మా ఆవిడ ఒకటే టెన్షన్, వద్దంటే వద్దంటోంది. నాకు ఇంకో ఆలోచన కూడా వచ్చింది. స్కాన్‌లో అన్నీ కనబడతాయంటున్నారు కాబట్టి ఇంటిల్లిపాదీ ఒకసారి తీయించేసుకుంటే పిప్పిపళ్లు అవీ ముందే బయటపడతాయి కదా? దయచేసి వివరంగా చెప్పండి.
— ఒక పాఠకుడు

సమాధానం: ముందు సూటిగా చెప్పేస్తాను, కారణాలు తర్వాత చూద్దాం. మీరు స్కాన్ తీయించుకోండి. పాపకు ముఖం మొత్తానికి మాత్రం వద్దు. ఆమెకు కావాల్సి వస్తే పై దవడ ముందు భాగానికి చిన్న స్కాన్ చాలు, అదీ కింద నేను చెప్పే పరీక్షలు అయ్యాకే. ఇంటిల్లిపాదికీ అనే ఆలోచన మాత్రం పక్కన పెట్టేయండి. పిప్పిపళ్లు పట్టుకోవడానికి ఈ స్కాన్ సరైన పరికరం కానే కాదు.

ఈ మూడింటికీ మూడు వేర్వేరు జవాబులు ఎందుకంటే, ఏ స్కాన్ గురించైనా నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఇందులో ఏం కనబడితే మీ డాక్టరు చేయబోయే పని మారుతుంది? దానికి స్పష్టమైన జవాబు ఉంటే ఆ స్కాన్ అవసరమైనదే. ‘ఊరికే, ఉంటే మంచిదని’ అంటే అది అవసరం లేదన్నట్టే. మీ విషయంలో జవాబు స్పష్టంగా ఉంది. పాప విషయంలో ఇంకా తేలలేదు. ఇంట్లో మిగతావాళ్ల విషయంలో అసలు ప్రశ్నే లేదు.

ఇక మీ దవడ సంగతి. ఓపీజీ అనేది రెండు దవడలనూ, పళ్లన్నింటినీ ఒకే బొమ్మలో పరిచి చూపించే ఎక్స్‌రే. చాలా ఉపయోగమైనది, రేడియేషన్ కూడా తక్కువ. కానీ అది గోడ మీద పడ్డ నీడ లాంటిది. నీడలో మనిషి ఎంత ఎత్తున్నాడో తెలుస్తుంది, ఎంత లావున్నాడో పక్క నుంచి చూస్తే గానీ తెలియదు. ఓపీజీలో మీ ఎముక ఎత్తు కనబడుతుంది. చెంప వైపు నుంచి నాలుక వైపుకు దాని మందం ఎంతో అస్సలు కనబడదు. ఇంప్లాంట్ అంటే ఎముకలో స్క్రూలా బిగించే కృత్రిమ వేరు, దానికి రెండూ కావాలి.

పన్ను తీసేశాక ఎముక ముందుగా తగ్గేది ఆ మందంలోనే. తీసిన మొదటి ఏడాదిలోనే ఆ చోట దవడ వెడల్పు దాదాపు సగం వరకు తగ్గిపోవచ్చు. అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతుంది. మీరు తీయించుకుని రెండేళ్లయింది. పైకి చిగురు నిండుగా కనబడినా లోపల ఎముక గట్టు సన్నగా ఉండొచ్చు, ఎందుకంటే చిగురు మందం ఆ లోటును కప్పేస్తుంది. దవడ పన్ను చోట 4.5 మి.మీ. మందం ఉన్న ఇంప్లాంట్ పెట్టాలనుకుందాం. దాని చుట్టూ రెండు వైపులా కనీసం 1 నుంచి 1.5 మి.మీ. ఎముక మిగలాలి. అంటే గట్టు ఏడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉండాలి. అంత ఉందా, అయిదే ఉందా అన్నది ఓపీజీ చెప్పలేదు. అయిదే ఉందంటే ప్లాను మారిపోతుంది. సన్నటి ఇంప్లాంట్ పెట్టాలి, లేదా గట్టు లావయ్యేలా ఎముక కలపాలి, లేదా ఇంప్లాంట్ మానేసి, పక్క పళ్ల ఆధారంతో కట్టే బ్రిడ్జి గురించి ఆలోచించాలి.

రెండోది నరం. కింది దవడ ఎముక లోపల ఒక సన్నటి గొట్టం లాంటి దారి ఉంటుంది. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇచ్చే నరం అందులోంచే వెళుతుంది. డ్రిల్లు దాన్ని తాకితే పెదవి మొద్దుబారిపోవచ్చు, కొందరికి అది శాశ్వతంగానే ఉండిపోతుంది. అందుకే ఇంప్లాంట్ కొసకూ ఆ దారికీ మధ్య కనీసం 2 మి.మీ. దూరం వదలాలన్నది అందరూ పాటించే నియమం. ఓపీజీలో ఆ దూరాన్ని కొలవడం ఎందుకు ఇబ్బందంటే, అందులో బొమ్మ అసలు కంటే పెద్దదిగా పడుతుంది. యంత్రాన్ని బట్టి, తల పెట్టిన తీరును బట్టి 10 నుంచి 30 శాతం దాకా తేడా రావచ్చు. పైగా ఆ పెరుగుదల బొమ్మంతటా ఒకేలా ఉండదు. కొందరు డాక్టర్లు కొలత తెలిసిన చిన్న స్టీలు గుండును నోట్లో పెట్టి ఓపీజీ తీసి, బొమ్మలో ఆ గుండు ఎంత పెరిగిందో చూసి లెక్క సరిచేసుకుంటారు. తెలివైన పద్ధతే గానీ దాంతో ఎత్తు ఒక్కటే సరవుతుంది.

మూడో విషయం గురించి పేషెంట్లకు ఎవరూ పెద్దగా చెప్పరు. కింది దవడలో వెనక పళ్ల దగ్గర ఎముక నాలుక వైపు లోపలికి గుంటపడి ఉంటుంది. కొందరిలో ఆ గుంట బాగా లోతు. ఎముక ఎత్తు చూసి నిటారుగా డ్రిల్లు దింపితే, ఆ గుంట దగ్గర ఎముకను చీల్చుకుని బయటికి రావచ్చు. అక్కడ నాలుక కింద రక్తనాళాలు ఉంటాయి. అరుదే అయినా, అక్కడ రక్తస్రావమై నాలుక కింద వాపు వస్తే ఊపిరికే ఇబ్బందయ్యే ప్రమాదం ఉంది. ఈ గుంట ఓపీజీలో కనబడదు. త్రీడీ స్కాన్‌లో దవడను అడ్డంగా కోసినట్టు చూపించే ముక్కల్లో వెంటనే తెలిసిపోతుంది. నన్నడిగితే, వెడల్పు, నరం, ఈ గుంట మూడూ ఒకచోట కలిసే మీ పన్ను స్థానంలో స్కాన్ దండగ అనడానికి లేదు.

అలాగని రెండో డాక్టరు గారిని తప్పుపట్టడం కూడా న్యాయం కాదు. ఈ స్కానర్లు రాకముందు ఎన్నో ఏళ్లు ఓపీజీతో, చేత్తో తడిమి చూసి, చిగురు మందాన్ని సూదితో కొలిచి, ఇంప్లాంట్లు బాగానే పెట్టారు. ఎముక దండిగా ఉన్నచోట, పొట్టి ఇంప్లాంట్ పెట్టేటప్పుడు అనుభవమున్న చెయ్యి ఇప్పటికీ అలా చేయగలదు. ఆయన చెప్పింది ఎముక ఎత్తు గురించి అయితే అది నిజమే అయి ఉండొచ్చు. వెడల్పు ఎలా తెలిసిందో ఒక్క మాట మర్యాదగా అడగండి. చేత్తో చూసి కొలిచి ఉంటే చెబుతారు.

ఈ స్కాన్ అసలేమిటో రెండు మాటల్లో చెబుతాను. దీన్ని కోన్ బీమ్ సీటీ అంటారు, వాడుకలో సీబీసీటీ. తల సీటీ స్కాన్‌ను బ్రిటన్‌లో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ 1971లో మొదటిసారి ఒక రోగి మీద వాడారు, 1979లో నోబెల్ కూడా వచ్చింది. పళ్లకు తగ్గట్టు తయారైన ఈ కోన్ బీమ్ యంత్రాలు 1990ల చివర్లో ఇటలీలో, జపాన్‌లో వచ్చాయి. మామూలు సీటీలో పలచటి కిరణం ముక్క ముక్కగా చూస్తుంది. ఇందులో కిరణం శంకువులా విచ్చుకుని, తల చుట్టూ ఒక్కసారి తిరిగేలోపు వందల బొమ్మలు తీస్తుంది. కంప్యూటరు వాటిని కలిపి చిన్న చిన్న ఘనాల దిమ్మెగా కడుతుంది. ఒక్కో ఘనం సుమారు 0.1 నుంచి 0.4 మి.మీ. ఉంటుంది. ఆ దిమ్మెను ఏ వైపు నుంచి కావాలంటే ఆ వైపు నుంచి కోసి చూడొచ్చు. మీరు చేయాల్సింది సాధారణంగా ఇరవై సెకన్లలోపు కదలకుండా ఉండటం. 1896లో జర్మన్ దంతవైద్యుడు ఒట్టో వాల్‌కాఫ్ తన పళ్లకు ఎక్స్‌రే తీసుకోవడానికి 25 నిమిషాలు అలా ఉండాల్సి వచ్చిందట, మనం అదృష్టవంతులం.

ఇప్పుడు మీ శ్రీమతి గారి భయం సంగతి. ఆమెది ఉత్తుత్తి భయమేమీ కాదు. లెక్కలు చూస్తే ఎక్కడ భయపడాలో, ఎక్కడ అక్కర్లేదో తెలుస్తుంది. మనమందరం ఏ స్కానూ తీయించుకోకపోయినా నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి వచ్చే సహజ రేడియేషన్ ప్రపంచ సగటున ఏడాదికి 2,400 మైక్రోసీవర్టులు (శరీరానికి తగిలే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం ఇది). అంటే రోజుకు ఆరేడు. నోట్లో సెన్సర్ పెట్టి తీసే చిన్న ఎక్స్‌రే ఒక రోజు సహజ రేడియేషన్‌కు అటూ ఇటూ. ఓపీజీ సుమారు 3 నుంచి 24. సీబీసీటీలో చిన్న భాగానికి పెద్దవాళ్లలో సగటున 84, ముఖం మొత్తానికి 212 అని 2015లో అప్పటిదాకా వచ్చిన కొలతలన్నీ పోగేసిన ఒక విశ్లేషణలో తేలింది. అంటే మీకు తీసే చిన్న స్కాన్ రెండు వారాల సహజ రేడియేషన్‌తో సమానం. అవసరముంటే దానికి వెనకాడక్కర్లేదు.

కానీ అసలు చూడాల్సింది ఆ సగటును కాదు. అదే విశ్లేషణలో చిన్న భాగం స్కాన్లే 5 నుంచి 652 మైక్రోసీవర్టుల దాకా ఉన్నాయి! పేరు ఒకటే, నూరు రెట్లకు పైగా తేడా. యంత్రం మోడల్, ఎంత భాగం తీస్తున్నారు, ఎంత సూక్ష్మత పెట్టారు, పెద్దవాళ్ల సెట్టింగా పిల్లల సెట్టింగా, ఇవన్నీ కలిసి ఆ తేడా తెస్తాయి. కాబట్టి ‘త్రీడీ స్కాన్ రేడియేషన్ ఎంత’ అన్న ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పేవాళ్లను నేను పెద్దగా నమ్మను. స్కాన్ సెంటర్లో అడగాల్సింది ఇది: ఎంత భాగం తీస్తున్నారు? మీ డాక్టరు ఆ ఒక్క పన్ను చోటు చూడాలంటే అయిదు సెంటీమీటర్లకు అయిదు సెంటీమీటర్ల భాగం చాలు. రెండు దవడలూ తీసేస్తే పోలా అంటే ఎందుకో అడగండి. ‘మా దగ్గర యంత్రం పెద్దదే ఉంది’ అన్నది వాళ్ల ఇబ్బంది, మీరు మోయాల్సిన కారణం కాదు.

పాప విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. పిల్లల శరీరం రేడియేషన్‌కు పెద్దవాళ్ల కంటే సున్నితం, ముందు బతకాల్సిన ఏళ్లూ ఎక్కువ. మెడ దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి పిల్లల్లో దవడకు దగ్గరగా ఉండి కిరణాల దారిలోకి తేలిగ్గా వస్తుంది. అలాగని పాపకు ఎప్పటికీ తీయకూడదని కాదు. మీరు రాసిన వివరాల్లో నాకు ఆందోళన కలిగించే విషయం ఒకటుంది: ఒకవైపు కోర వచ్చి, రెండో వైపు రాకపోవడం. పై కోరపళ్లు మామూలుగా 11, 12 ఏళ్లప్పుడు, కొందరికి 13లో వస్తాయి. రెండు వైపులా ఆలస్యమైతే ఆ పిల్లకు తత్వమే అంత అనుకోవచ్చు. ఒకవైపు మాత్రమే ఆగిందంటే ఎక్కడో ఇరుక్కుందేమో చూడాల్సిందే. జ్ఞానదంతాల తర్వాత ఎక్కువగా ఇరుక్కుపోయేవి ఈ పై కోరలే. ఇరుక్కున్న కోర పక్కనున్న చిన్న కొరుకుపన్ను వేరును మెల్లగా తినేయొచ్చు. నొప్పి ఉండదు, బయటికి ఏమీ తెలియదు. కాబట్టి ‘రేడియేషన్ కదా, వదిలేద్దాం, అదే వస్తుందిలే’ అనుకోవడం కూడా సరికాదు. ఈ మాట మీ శ్రీమతి గారికి చెప్పండి.

అయితే వరుస ముఖ్యం. మొదట డాక్టరు పాప చిగురును పెదవి వైపూ, అంగిలి వైపూ వేలితో తడిమి చూడాలి. కిందికి రాబోయే కోర పదేళ్ల నుంచే పెదవి వైపు ఉబ్బుగా తగులుతుంది. అక్కడ తగలకపోతే అంగిలి వైపుకు వెళ్లిందేమోనని అనుమానించాలి. తర్వాత ఓపీజీ. ఇదివరకే తీసి ఉంటే మళ్లీ తీయక్కర్లేదు. అందులో ఆ కోర కొస, పక్క పన్ను వేరుకు దూరంగా నిటారుగా ఉంటే స్కాన్ ప్రసక్తే లేదు. వేరు మీద పడినట్టు కనబడితే అప్పుడు అది ముందు ఉందా వెనక ఉందా తేల్చాలి. దీనికో పాత పద్ధతి ఉంది. ఒకే చోట, ఎక్స్‌రే గొట్టాన్ని కాస్త పక్కకు జరిపి రెండు చిన్న ఎక్స్‌రేలు తీస్తారు. గొట్టం ఎటు జరిగితే కోర కూడా బొమ్మలో అటే జరిగినట్టు కనబడితే అది అంగిలి వైపు ఉంది, ఎదురు దిక్కున జరిగితే పెదవి వైపు. త్రీడీ యంత్రాలు వచ్చాక చాలామంది దీన్ని వాడటం మానేశారు, నాకైతే అది బాధగానే ఉంటుంది.

చాలాసార్లు ఇక్కడే దారి దొరుకుతుంది. ఈ వయసులో, కోర మరీ పక్కకు పోకుండా ఉండి, చోటు కూడా ఉంటే, పాలకోరను తీసేసి చూస్తారు. తీశాక లోపలిది దానంతట అదే దారికి వచ్చే అవకాశం బాగానే ఉంటుంది. అలా ఆరు నెలల నుంచి ఏడాది గమనిస్తారు.

మరి స్కాన్ ఎప్పుడు? పక్క పన్ను వేరు కరిగిందేమోనని ఎక్స్‌రేలో అనుమానం వచ్చినప్పుడు. లేదా చిగురు తెరిచి, కోరకు చిన్న గొలుసు అతికించి కిందికి లాగాలని నిర్ణయించినప్పుడు. అప్పుడు సర్జన్‌కు ఏ వైపు నుంచి తెరవాలి, ఎంత లోతున ఉంది, ఎటు లాగితే పక్క వేరుకు తగలదు అన్నవి కచ్చితంగా తెలియాలి. వేరు బాగా కరిగిపోయి ఉంటే మొత్తం ప్లానే మారొచ్చు. ఇలాంటప్పుడు సీబీసీటీ మామూలు ఎక్స్‌రేల కంటే ఎన్నో రెట్లు మేలు, సందేహం లేదు. కానీ దానికి కావాల్సింది పై దవడ ముందు భాగం, అంతే. కళ్ల నుంచి గడ్డం దాకా అక్కర్లేదు. ముఖం మొత్తం స్కాన్ అవసరమయ్యే పిల్లలు వేరే ఉంటారు. దవడలు బాగా వంకరగా పెరిగి ఆపరేషన్ దాకా వెళ్లేవాళ్లు, గ్రహణమొర్రితో అంగిలి చీలినవాళ్లు, అలాంటి వాళ్లు. మామూలు క్లిప్పుల వైద్యానికి రొటీన్‌గా ముఖమంతా తీయడాన్ని నేను సమర్థించను.

ఒక్క అనుమానం మాత్రం ముందు తీర్చుకోండి. ‘త్రీడీ స్కాన్’ అనే మాట రెండు వేర్వేరు వాటికి వాడుతున్నారు. పెన్ను లాంటి కెమెరాను నోట్లో తిప్పి పళ్ల ఆకారాన్ని కంప్యూటర్లోకి ఎక్కించేది ఒకటుంది. పాతకాలం ముద్ద పెట్టి తీసే అచ్చుకు బదులు అది. అది వెలుతురుతో పనిచేస్తుంది, రేడియేషన్ సున్నా. క్లిప్పులు వేసేవాళ్లు దాన్నీ తరచూ రాస్తారు. ‘ముఖం మొత్తం’ అని మీరు రాశారు కాబట్టి సీబీసీటీయే అనుకుంటున్నాను గానీ, చీటీ మీద ఏముందో చూసుకోండి. పెన్ను కెమెరా స్కానే అయితే ఇంట్లో ఈ గొడవంతా ఉత్తదే!

స్కాన్ సెంటర్లో సీసపు కోటు ఇవ్వలేదని కూడా గాభరా పడకండి. 2024లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పళ్ల ఎక్స్‌రేలకు సీసపు కోటు, మెడపట్టీ ఇక అక్కర్లేదని సిఫార్సు చేసింది. కిరణాన్ని కావాల్సిన భాగానికే పరిమితం చేయడమే అసలు రక్షణ, మెడపట్టీ ఒక్కోసారి బొమ్మకే అడ్డమొచ్చి మళ్లీ తీయాల్సి వస్తుందని వాళ్ల వాదన. కొన్నిచోట్ల నిబంధనలు ఇంకా పాతవే. వాళ్లు ఇస్తే వేసుకోండి, ఇవ్వకపోతే నిర్లక్ష్యం అనుకోకండి.

ఇంటిల్లిపాదికీ చెకప్ స్కాన్ అన్నారు కదా, అది ఎందుకు కూడదో చెబుతాను. పళ్ల మధ్య మొదలయ్యే చిన్న పిప్పిని పట్టుకోవడంలో నోట్లో పెట్టి తీసే మామూలు చిన్న ఎక్స్‌రేదే పైచేయి. దాని సూక్ష్మత సీబీసీటీ కంటే చాలా ఎక్కువ. పైగా నోట్లో లోహపు ఫిల్లింగులు, క్యాపులు ఉంటే స్కాన్‌లో వాటి చుట్టూ నల్లటి, తెల్లటి చారలు పడతాయి. ఆ నల్లచార పక్క పన్నులో పిప్పిలా కనబడి, బాగున్న పన్నును తొలిచే ప్రమాదం ఉంది. రూట్ కెనాల్ అయిన పన్నులో వేరు చీలిందా లేదా చూడాలన్నా ఇదే తంటా, ఉన్న చీలిక దాగిపోతుంది, లేనిది ఉన్నట్టు కనబడుతుంది. చిగుళ్లు, నాలుక, చెంప లాంటి మెత్తటి భాగాలు దీంట్లో సరిగా తెలియవు. దవడ కీలులోని మెత్తటి డిస్కు చూడాలంటే ఎంఆర్ఐకే వెళ్లాలి. ఇంకోటి, తల స్కాన్ తీస్తే ఏదో ఒకటి కనబడకుండా ఉండదు. ముక్కు పక్క సైనస్‌లో పొర కొద్దిగా మందంగా ఉండటం ఎంతోమందిలో ఉండే సంగతే. దాన్ని చూసి ఇంకో డాక్టరు, ఇంకో పరీక్ష, నిద్ర లేని రాత్రులు. మీవాళ్లకు పళ్ల డాక్టరు దగ్గర అద్దంతో పరీక్ష, అవసరమనుకుంటే రెండు మూడు చిన్న ఎక్స్‌రేలు చాలు.

ఇక మీ స్కాన్ దగ్గరికి వద్దాం, దాని నుంచి పూర్తి ప్రయోజనం పొందాలి కదా. స్కాన్‌కు వెళ్లేముందే మీ డాక్టరు గారితో ఒక మాట మాట్లాడండి. రాబోయే పన్ను ఎక్కడ నిలబడాలో ముందు తేల్చుకుని, ఆ పన్ను కింద ఎముక ఉందో లేదో చూడటం సరైన పద్ధతి. ఎముక ఎక్కడ ఉంటే అక్కడ ఇంప్లాంట్ దించేసి, తర్వాత పన్నును వంచి కూర్చోబెడితే నమలడంలోనూ, శుభ్రం చేసుకోవడంలోనూ జీవితాంతం ఇబ్బందే. దీనికోసం కొందరు రాబోయే పన్ను ఆకారంలో ఒక ప్లేటు చేయించి, అది పెట్టుకుని స్కాన్‌కు వెళ్లమంటారు. ఇప్పుడు చాలామంది పెన్ను కెమెరా స్కాన్‌నూ సీబీసీటీనీ కంప్యూటర్లో కలిపి అదే పని చేస్తున్నారు. ఆ ప్లాను ప్రకారం డ్రిల్లుకు దారి చూపే గైడును కూడా ప్రింట్ చేయించొచ్చు. గైడు ఉంటే తప్పే జరగదనుకోకండి, గైడుతో పెట్టినా ప్లానుకూ అసలుకూ సగటున ఒక మిల్లీమీటరు పైచిలుకు తేడా వస్తుంది. నరానికి 2 మి.మీ. వదలమనేది అందుకే.

స్కాన్ రోజున చెవిపోగులు, గొలుసు, కళ్లజోడు, తీసిపెట్టే పళ్ల సెట్టు లాంటివి తీసేయాలి. పళ్లు గట్టిగా మూసుకోకుండా మధ్యలో దూది ఉండ పెడితే పై పళ్లు, కింది పళ్లు ఒకదానికొకటి అంటుకోకుండా విడిగా కనబడతాయి. చెంపకూ చిగురుకూ మధ్య కూడా దూది పెట్టించుకుంటే చిగురు మందం తెలుస్తుంది, పెట్టమని అడగండి. యంత్రం తిరిగేటప్పుడు గుటక వేయకండి. కదిలితే అంచులు రెండుగా పడతాయి, అలాంటి బొమ్మ మీద మిల్లీమీటర్లు కొలవడం వృథా.

తీశాక చేతికిచ్చే నిగనిగలాడే రంగుల ప్రింటుతో సరిపెట్టుకోకండి. అసలు డేటా డైకామ్ ఫైళ్ల రూపంలో ఉంటుంది, దాన్ని సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో అడిగి తీసుకోండి. అవి ఉంటే మీ రెండో డాక్టరు గారు కూడా తన కంప్యూటర్లో తెరిచి చూడగలరు, మళ్లీ తీయించే పని ఉండదు. బొమ్మ మొత్తాన్ని చూసి రాసిన రిపోర్టు కూడా ఉండాలి. ఇంప్లాంట్ చోటు ఒక్కటే చూసి మిగతాది వదిలేయకూడదు, ఏ మూలనో ఉన్న తిత్తి అలాగే తప్పించుకుంటుంది. పెద్ద భాగం తీస్తే ఓరల్ రేడియాలజిస్టు చూడటం మంచిది. రిపోర్టులో ‘ఎముక సాంద్రత ఇంత’ అని అంకె కనబడితే దాన్ని పెద్దగా పట్టించుకోకండి. ఆసుపత్రి సీటీలో ఆ అంకెలు నమ్మదగినవే. కోన్ బీమ్‌లో యంత్రం నుంచి యంత్రానికి, ఒకే బొమ్మలో చోటు నుంచి చోటుకు కూడా అవి మారిపోతాయి. కొలతలు నమ్మండి, ఆ అంకెలు వదిలేయండి.

రిపోర్టు వచ్చాక మీ డాక్టరు గారిని మూడు సంఖ్యలు అడగండి: గట్టు వెడల్పు ఎంత, నరం దారి దాకా ఎత్తు ఎంత, పెట్టబోయే ఇంప్లాంట్ పొడవూ మందమూ ఎంత. వెడల్పు సరిపోకపోతే ఎముక కలిపే పద్ధతికీ బ్రిడ్జికీ మధ్య ఏది మేలో అప్పుడు మళ్లీ రాయండి, ఆ సంఖ్యలు పంపితే నేనూ నిర్దిష్టంగా చెప్పగలను. పాప ఓపీజీ ఇదివరకే తీసి ఉంటే, ఈసారి క్లిప్పుల డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు దాన్ని వెంట తీసుకెళ్లండి, దాంతోపాటు పాపకు రెండు మూడేళ్ల కిందట పళ్లకు తీసిన చిన్న ఎక్స్‌రేలు ఏవైనా ఇంట్లో ఉంటే అవి కూడా. అప్పుడు కోర ఎక్కడుందో, ఇప్పుడు ఎంత జరిగిందో పక్కపక్కన పెట్టి చూస్తే చాలా సంగతులు తేలిపోతాయి.